గాజులో వెలుగు నింపిన టిఫనీ

గవాక్షము ఇంటికి కన్ను వంటిది. దాని గుండ వెలుతురు లోనికి వచ్చును. లోనివారికి వెలుపలి లోకము కానవచ్చును. అట్టి గవాక్షమే ఒక చిత్రపటమై, దాని గుండ ప్రవేశించిన సూర్యకాంతి పలురంగులై గోడలపైనను నేలపైనను ప్రసరించినచో ఆ గది శోభ చెప్పనలవి కాదు. మధ్యయుగమున ఐరోపాఖండమందలి క్రైస్తవ దేవాలయములలో ఈ రంగుటద్దముల కళ మిక్కిలి వర్ధిల్లెను. దానిని నివాసగృహములలోనికి తెచ్చి, దానికి క్రొత్త జీవము పోసినవారిలో అమెరికా దేశీయుడగు లూయీ కంఫర్ట్ టిఫనీ ప్రముఖుడు.

టిఫనీ 1848వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. అతని తండ్రి చార్లెస్ లూయిస్ టిఫనీ గొప్ప రత్నవర్తకుడు. వజ్రములకును వెండిసామగ్రికిని ఆయన అంగడి పెట్టినది పేరు. కుమారుడు ఆ అంగడిలో కూర్చుండినచో అతనికి ఏ లోటును ఉండెడిది కాదు. కాని అతని మనస్సు వ్యాపారమునందు లగ్నము కాలేదు. అతడు చిత్రలేఖనము నభ్యసించెను. యౌవనమున ఐరోపాలోను ఉత్తర ఆఫ్రికాలోను పర్యటించి, అచ్చటి ఎండలో మెరయు రంగులను చూచి ముగ్ధుడయ్యెను. పటముపై పూసిన రంగులకు ఆ కాంతి రాదని గ్రహించి, క్రమముగా గాజువైపు దృష్టి మరల్చెను.

1879లో టిఫనీ మరి కొందరు కళాకారులతో కలసి గృహాలంకరణము చేయు సంస్థ నొకదానిని స్థాపించెను. వారిలో అద్దకము, కుట్టుపనులయందు నేర్పరియగు కాండేస్ వీలర్ అను వనిత యుండెను. మరియొకడు లాక్‌వుడ్ డీ ఫారెస్టు. ఇతడు 1881 ప్రాంతమున మన దేశమునకు వచ్చి, అహమ్మదాబాదున మగన్‌భాయి హఠీసింగు అను వర్తకునితో కలసి కొయ్యచెక్కడపు కర్మశాలను నెలకొల్పినవాడు. ఈ సంస్థవారు 1881లో హార్ట్‌ఫర్డు నగరమందలి మార్క్ ట్వేన్ రచయిత గృహము నలంకరించిరి. మరుసటి సంవత్సరమున అధ్యక్షుడగు ఆర్థరు కోరికపై శ్వేతభవనమును తీర్చిదిద్దిరి. ఆ భవనపు ప్రవేశశాలలో టిఫనీ నిలిపిన పెద్ద రంగుటద్దముల తెర చూపరుల కబ్బురము గొలిపెను. కాని 1902లో భవనమును పునరుద్ధరించునపుడు దానిని తొలగించిరి. ఇరువదేండ్లకే అభిరుచి మారిపోయెను!

టిఫనీ గాజుపనిలోని విశేషమేమి? నాటి పనివారు పెక్కురు గాజుపై వర్ణములు పూసి, కాల్చి, బొమ్మలు తీర్చుచుండిరి. అట్లు పూసిన రంగు వెలుతురు నడ్డగించును. రంగు గాజుపైన గాక గాజులోనే యుండవలెనని టిఫనీ తలచెను. కరగిన గాజులో లోహసంబంధమగు పదార్థములను కలిపినచో రంగు పుట్టును. కోబాల్టు నీలిరంగు నిచ్చును. బంగారము ఎరుపు నిచ్చును. చవుక సీసాల గాజులోని మాలిన్యమును ఇతరులు దోషమనుకొనగా, టిఫనీ అందే అందమును కనుగొనెను. గాజు వేడిగా నుండగనే దానిని మడతలుగా నొత్తి, వస్త్రపు కుచ్చెళ్లవలె చేయించెను. ఒక పలకపై మరియొక పలక నుంచి, దూరపు కొండల మసకను, సాయంకాలపు ఆకాశమును చూపెను. పాలవన్నె గాజు విషయమున జాన్ లా ఫార్జ్ అను చిత్రకారుడు 1880లోనే పేటెంటు పొందియుండెను. టిఫనీ 1881లో తన పద్ధతికి పొందెను. ఇందువలన వారిరువురి నడుమ స్పర్ధ యేర్పడెను.

1893లో షికాగో మహాప్రదర్శనమున టిఫనీ నిర్మించిన ప్రార్థనామందిరము వేలకొలది జనుల నాకర్షించెను. ఆ కాలముననే న్యూయార్కు చెంత కరోనా అనుచోట అతని గాజుకొలుములు వెలసెను. పిదప విద్యుద్దీపములు ఇంటింటికి రాసాగెను. వాని తీవ్రమగు వెలుగును చల్లబరచుటకు రంగుగాజు తొడుగులు చక్కగా నుపకరించెను. చిన్న చిన్న గాజుముక్కలను కోసి, ప్రతి ముక్క అంచునకు పలుచని రాగిరేకు చుట్టి, వానిని జేర్చి టంకము పెట్టుదురు. ఒక్కొక్క తొడుగునకు వందలకొలది ముక్కలు పట్టును. తూనీగలు, పూదీవెలు, తామరలు ఆ దీపములపై వికసించెను. 1900లో పారిస్ ప్రదర్శనమున తూనీగ దీపమునకు బహుమానము లభించెను.

అయితే ఆ తూనీగను భావించినది టిఫనీ కాదు. అతని కర్మశాలయందలి మహిళా విభాగమునకు అధినేత్రియగు క్లారా డ్రిస్కాల్ దానిని రూపొందించెను. వివాహమైన స్త్రీలకు ఆ కర్మశాలలో తావు లేని దినములవి. 1903లో పురుష కార్మికుల సంఘము స్త్రీల పనికి అడ్డు తగిలినను ఆ విభాగము నిలిచెను. కాని పనికి వచ్చిన కీర్తియంతయు యజమానికే చెల్లెను. ఆమె తన వారికి వ్రాసిన లేఖలు వెలుగులోనికి వచ్చి, 2007లో న్యూయార్కున జరిగిన ప్రదర్శనము వలన ఆమె పేరు లోకమునకు తెలిసెను. అప్పటికి నూరేండ్లు గడచెను.

1905 నాటికి టిఫనీ లాంగ్ ఐలెండున లారెల్టన్ హాల్ అను మహాసౌధమును నిర్మించుకొని, తాను చేసిన మేలివస్తువులను అందుంచెను. 1918లో యువకళాకారుల శిక్షణకై దానిని ధర్మసంస్థగా నొనర్చెను. ఇంతలో కాలము మారెను. పువ్వులు, తీగెలు పాతబడినవని జనులు నిరాడంబరమగు గదులను కోరసాగిరి. 1932లో అతని సంస్థ దివాలా తీసెను. 1933 జనవరి 17వ తేదీన టిఫనీ కన్నుమూసెను. ఒకనాడు ధనికులు పోటీపడి కొన్న దీపములను జనులు అటకల కెక్కించిరి. 1957లో లారెల్టన్ హాల్ అగ్నికి ఆహుతియయ్యెను. హ్యూ మెకీన్, జెనెట్ మెకీన్ అను దంపతులు ఆ శిథిలములనుండి మిగిలిన గవాక్షములను రక్షించి ఫ్లోరిడాకు చేర్చిరి. షికాగో మందిరము సయితము బాగుచేయబడి, 1999లో వింటర్ పార్కునందలి మోర్స్ ప్రదర్శనశాలలో మరల తలుపులు తెరచెను.

అభిరుచులు మారుచుండును, ఘనతలు చేతులు మారుచుండును. శ్రద్ధతో చేసిన పని మాత్రము కొంతకాలము మరుగుపడినను మరల వెలుగు చూచును. ఆ వెలుగులో ముందు నిలిచిన వాని పేరుతోపాటు, వెనుకనుండి ముక్క ముక్కను కూర్చిన చేతులను గూడ స్మరించుట మన ధర్మము.