76వ ఏట మళ్లీ ఓడెక్కిన పాదిరీ: గుంటూరు హయ్యర్ కథ

1869 మే నెల. పెన్సిల్వేనియా లూథరన్ పాదిరీల సభ రెడింగ్ పట్టణంలో జరుగుతోంది. చర్చకు వచ్చిన విషయం రాజమండ్రి. అక్కడి మిషన్‌ను నడపడానికి మనుషులు లేరు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది, డబ్బూ అంతంతమాత్రమే. మిషన్‌ను ఇంగ్లండ్‌కు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాట్లు దాదాపు పూర్తయ్యాయి. అప్పుడు 76వ ఏట నడుస్తున్న ఒక పాదిరీ లేచారు. అప్పగించొద్దని, వెళ్లేవాళ్లు ఎవరూ లేకపోతే తానే వెళ్తానని చెప్పారు. అన్నట్టే ఆ ఏడాది డిసెంబర్ 1న ఆయన రాజమండ్రిలో ఉన్నారు.

ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. తెలుగు లూథరన్లు తమ పాస్టర్లను మామూలుగా అయ్యగారనే పిలుస్తారు. ఈయన్ని మాత్రం ఫాదర్ హయ్యర్ అంటారు. కేథలిక్కులు వాడే మాట ఒక లూథరన్ పాదిరీకి అలా స్థిరపడిపోయింది.

హయ్యర్ 1793 జులై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. నెపోలియన్ సైన్యాలు ఆ ప్రాంతాన్ని తొక్కేస్తున్న రోజుల్లో, 1807లో, తల్లిదండ్రులు ఆయన్ని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపేశారు. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. మేనమామది బొచ్చు తోళ్లు, టోపీల వ్యాపారం. అబ్బాయి మనసు మాత్రం చర్చి వైపు మళ్లింది. అక్కడి పాదిరీల దగ్గర వేదాంతం చదువుకుని, మధ్యలో ఓ ఏడాది గొట్టింగెన్‌లో కూడా చదివి వచ్చి, 1817లో బోధించడానికి అనుమతి, 1820లో పూర్తి గురుపట్టం పొందారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు గుర్రం మీదే గడిచాయని చెప్పొచ్చు. పెన్సిల్వేనియా నుంచి మిస్సిసిపీ నది వరకు, చర్చి లేని చోట చర్చి పెట్టడం, అది నిలబడగానే ఇంకోచోటికి కదలడం. కుదురుగా ఓ చోట ఉండటం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

దీని భారం ఇంట్లోవాళ్ల మీద పడింది. 1819లో ఆయన మేరీ అనే వితంతువును పెళ్లి చేసుకున్నారు. భర్త ఊళ్లు తిరుగుతుంటే ఆమె సోమర్‌సెట్‌లో పిల్లలతో సంసారం ఈడ్చారు. 1839లో ఆమె చనిపోయారు. మరుసటి ఏడాదే ఇండియా వెళ్తారా అని అమెరికా లూథరన్లు ఆయన్ని అడిగారు. మిషనరీల జీవిత చరిత్రలు ఈ ఘట్టాన్ని దైవ పిలుపుగా రాసి ముందుకు సాగిపోతాయి. ఆ పిల్లల వైపు నుంచి ఎవరైనా రాసి ఉంటే వేరేగా ఉండేదేమో.

వెళ్లడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నా, ఒక చోట మొండికేశారు. తనను వేరే శాఖల ఆధీనంలో ఉన్న అమెరికన్ బోర్డు కింద పంపాలనుకున్నారు. దానికి ఆయన ససేమిరా అని రాజీనామా ఇచ్చేశారు. చివరికి పెన్సిల్వేనియా లూథరన్ మినిస్టీరియమే ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. 1841 అక్టోబర్‌లో బోస్టన్‌లో ఓడెక్కి, దాదాపు ఐదు నెలల తర్వాత కొలంబో చేరారు. అక్కడి నుంచి తూత్తుకుడి, పల్లకీలో మద్రాసు, తర్వాత నెల్లూరు. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టారు. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే.

గుంటూరే ఎందుకు? అక్కడి కలెక్టర్ హెన్రీ స్టోక్స్ మిషనరీ కోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి. బస, సాయం, పలుకుబడి అన్నీ ఆయన సమకూర్చారు. కంపెనీ కలెక్టర్ ఇంటి ముంగిట్లో మొదలైన మిషన్ ఇది, ఈ సంగతి దాచాల్సిన పనిలేదు. పదేళ్ల ముందే, 1832-33లో, నందన కరువు ఆ జిల్లాను ఊడ్చేసింది. జిల్లాలోని ఐదు లక్షల మందిలో రెండు లక్షల దాకా చనిపోయారని అంచనా. జనం దాన్ని డొక్కల కరువన్నారు. హయ్యర్ వచ్చేనాటికి ఆ కరువు చూసి బతికినవాళ్లే ప్రతి పల్లెలోనూ ఉన్నారు.

ఆయన బడులతో మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే ఆడపిల్లలకు కూడా బడి పెట్టారు. 1840ల గుంటూరులో అది చిన్న విషయం కాదు. 1844లో వాల్టర్ గన్ అనే యువ మిషనరీ తోడుగా వచ్చారు. ఆరోగ్యం దెబ్బతిన్న హయ్యర్ 1846లో అమెరికా వెళ్లిపోయారు.

అది విశ్రాంతి కోసం వెళ్లిన ప్రయాణం. ఆ విశ్రాంతిలో ఆయన బాల్టిమోర్‌లో ఒక కొత్త చర్చి స్థాపించి, వైద్యం చదివి, 1847లో ఎం.డి. పట్టా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. 1848లో మళ్లీ గుంటూరు. ఈలోగా గన్ క్షయతో చిక్కిపోతూ వచ్చి, 1851లో గుంటూరులోనే చనిపోయారు.

ఆ కాలంలో మిషనరీలకు చావు కొత్త కాదు. ఈ వ్యాసం నేను రాస్తున్నది పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) డైరీ ఫార్మ్‌లో కూర్చుని. ఇక్కడికి దక్షిణంగా ఉన్న నికోబార్‌లో 1768 నుంచి 1787 దాకా మొరేవియన్ మిషనరీలు పాతుకుపోవాలని చూశారు. జ్వరాలు వాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోతే, మిగిలినవాళ్లు మిషన్ మూసేసి వెళ్లిపోయారు. అలాంటి లెక్కల్లో చూస్తే, మూడుసార్లు ఇండియాకు వచ్చి మూడుసార్లూ ప్రాణాలతో తిరిగి వెళ్లిన హయ్యర్ గట్టివాడే అనాలి. లేదా ఆగాల్సిన చోట ఆగడం తెలిసినవాడనైనా అనుకోవాలి. గన్ ఆగలేదు.

పల్నాడు, ఆదివారం

1849లో హయ్యర్ గురజాలకు మకాం మార్చారు. పల్నాటి ఎండ గురించి గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. మందుల పెట్టె ఒక చేత్తో, బైబిల్ ఇంకో చేత్తో ఆయన పల్లెలు తిరిగారు. గుంటూరు పట్టణంలో ఏళ్ల తరబడి రాని స్పందన ఇక్కడ వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాలలు. ఇతరుల పొలాల్లో పాలేర్లుగా, కూలీలుగా బతికేవాళ్లు.

వాళ్లకు కొత్త మతంతో పాటు ఒక కొత్త రోజు కూడా వచ్చింది. ఆదివారం.

లూథర్ ప్రశ్నోత్తరి తెలిసినవాళ్లకు విశ్రాంతి దినం మూడో ఆజ్ఞ. పక్కనే ఉన్న బాప్టిస్టులకు అదే నాలుగోది. లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. ఆ ప్రశ్నోత్తరి హయ్యర్ కంటే దాదాపు వందేళ్ల ముందే తెలుగులోకి వచ్చింది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ పాదిరీ 1746లో హాలే నగరంలో దాన్ని తెలుగు లిపిలో అచ్చువేయించారు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో అదొకటి.

ఈ ఆజ్ఞ గురించి లూథర్ తన పెద్ద ప్రశ్నోత్తరిలో చేసిన వ్యాఖ్యానం ఆశ్చర్యపరుస్తుంది. ఆయన దృష్టిలో ఆ రోజుకు స్వతహాగా పవిత్రత ఏమీ లేదు, ఏ రోజైనా ఒకటే. ముఖ్యమైనది అందరూ ఒకచోట చేరి వాక్యం వినడం. దాంతోపాటు ఆయన ఒక లౌకిక కారణం కూడా చూపించారు. వారమంతా ఒళ్లు విరుచుకునే పనివాళ్లకూ పనిమనుషులకూ ఒంటికి ఒక రోజు తెరిపి కావాలి. 1529లో జర్మన్ సేవకులను దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఈ కారణం, పల్నాటి పాలేరుకు ఇంకా బాగా సరిపోతుంది. ఏటా జీతానికి కుదిరిన మనిషికి వారంలో ఒక రోజు తనది అనడం మామూలు ధైర్యం కాదు.

ఆ ధైర్యానికి వెల ఎంతో ఆ తర్వాతి తరం చూసింది. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, క్రైస్తవులైన మాదిగలకు ప్రధానంగా మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడింటిలో మొదటిది నేరుగా మోతుబరి పొలం గట్టు మీదికే వెళ్తుంది. ఆరాధన గురించి వినిపించే ఈ నియమం నిజానికి కూలి ఒప్పందాన్నే మార్చేసింది, అందుకే ఊళ్లలో గొడవలు రేగాయి. మత మార్పిళ్ల చరిత్రను బియ్యం, గోధుమ రవ్వ లెక్కల్లోనే చూసేవాళ్లు ఈ ఒక్క రోజు లెక్కను వదిలేస్తారు. ఇక్కడ దీవుల్లో దినకూలీకి బతికే తెలుగువాళ్లకు ఇప్పటికీ ఆదివారం సెలవంటే ఆ రోజు కూలి పోవడమే. హక్కుగా వచ్చే విశ్రాంతికీ కడుపు మాడ్చుకుని తీసుకునే విశ్రాంతికీ చాలా దూరం ఉంది.

హయ్యర్ ఈ విషయాల మీద పెద్ద గ్రంథాలేమీ రాయలేదు. ఆయన వేదాంతం రాసే మనిషి కాదు, ఊరు తిరిగే మనిషి. నమ్మకం గురించి ఆయన ఏమనుకున్నారో ఆయన చేసిన పనుల్లోంచే ఏరుకోవాలి. ప్రాణం మీద మరీ తీపి లేదు, అలాగని నిష్కారణంగా పారేసుకోలేదు. ఒంట్లో బాగోలేనప్పుడు పదవి పట్టుకుని వేళ్లాడలేదు. వేరేవాళ్లు వచ్చి పని అందుకుంటే తప్పుకున్నారు.

1853లో గుంటూరు, పల్నాడు, రాజమండ్రి పనులన్నీ కలిపి ఇండియాలో మొదటి లూథరన్ సినడ్ ఏర్పడింది. దానికి ఆయనే అధ్యక్షుడు. 1857లో అమెరికాకు వెళ్లి, 64 ఏళ్ల వయసులో మిన్నెసోటా గడ్డకట్టే చలిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1860లో అక్కడి సినడ్‌కూ మొదటి అధ్యక్షుడయ్యారు.

రాజమండ్రిలో పదమూడు నెలలు

1869 నాటి మూడో ప్రయాణం గురించి అమెరికాలో చాలా గొప్పగా చెప్పుకుంటారు. దాన్ని మొండితనం అని కూడా అనొచ్చు. చర్చ్ మిషనరీ సొసైటీ పరాయి మతం కాదు, మిషన్ వాళ్ల చేతికి వెళ్తే రాజమండ్రి క్రైస్తవులకు ఆకాశం ఊడిపడేదీ కాదు. 1840లో అమెరికన్ బోర్డు కింద పనిచేయనన్న మనిషే ఇక్కడా కనిపిస్తారు. కానీ ఒక ముసలాయన లేచి నిలబడటంతో యువకులు బయల్దేరారనేది కూడా నిజం. ఆయన రాజమండ్రిలో ఏడాదికి కాస్త పైన ఉండి, పాత సంఘాలను కూడగట్టి, బడులు తెరిపించి, 1870లో వచ్చిన హెచ్.సి. ష్మిట్‌కు పని అప్పగించారు. ష్మిట్ అక్కడే మూడు దశాబ్దాలు ఉండిపోయారు. గుంటూరు, రాజమండ్రి మిషన్లు 1927లో ఒక్కటై ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయ్యాయి. 1869లో అప్పగింత జరిగి ఉంటే ఆ చర్చి సగం ఉండేదే కాదు.

1871లో హయ్యర్ తిరిగి వెళ్లారు. ఫిలడెల్ఫియాలోని లూథరన్ సెమినరీ ఆయనకు ఒక గది ఇచ్చి, విద్యార్థుల మంచిచెడ్డలు చూసే పని అప్పజెప్పింది. ఎనభై ఏళ్లు నిండాక, 1873 నవంబర్ 7న అక్కడే చనిపోయారు. ఆయన్ని సోమర్‌సెట్ ప్రాంతానికి తీసుకెళ్లి, 34 ఏళ్ల ముందు పోయిన మేరీ పక్కన సమాధి చేశారు.