జార్జ్ స్ట్రైసింగర్

జార్జ్ స్ట్రైసింగర్ (డిసెంబర్ 27, 1927 - ఆగష్టు 11, 1984) హంగేరీలో జన్మించిన అమెరికన్ అణు జీవశాస్త్రవేత్త. అక్వేరియంలలో పెంచే జీబ్రా చేపను జన్యు పరిశోధనకు అనువైన జీవిగా తీర్చిదిద్దినవాడు. వెన్నెముక గల జీవులలో జన్యువులు నాడీమండలాన్ని ఏ విధంగా నిర్మిస్తాయన్న ప్రశ్నే ఈయనను ఆ చేప వైపు నడిపించింది. పార్కిన్సన్ వంటి నాడీక్షయ వ్యాధులపై జన్యు సవరణ చేసిన చేపలతో నేడు జరుగుతున్న పరిశోధనకు పునాది ఈయన ప్రయోగశాలలోనే పడింది.

తొలి జీవితము

స్ట్రైసింగర్ బుడాపెస్ట్ నగరంలో యూదు కుటుంబంలో జన్మించాడు. నాజీల ముప్పు పెరగడంతో ఆ కుటుంబం 1930 దశకం చివరి భాగంలో న్యూయార్క్ చేరింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సాల్వడార్ లూరియా వద్ద డాక్టరేటు పొందాడు. 1960లో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో చేరి, జీవితాంతం అక్కడే పనిచేశాడు.

బాక్టీరియోఫేజ్ పరిశోధనలు

ఈయనకు మొదట పేరు తెచ్చినవి బాక్టీరియాపై దాడిచేసే టి4 వైరసు మీద చేసిన పరిశోధనలు. జన్యు సందేశంలోని అక్షరాలు మూడేసి చొప్పున చదవబడతాయి. ఒక అక్షరం ఎక్కువైనా తక్కువైనా ఆపైని సందేశమంతా మారిపోతుంది. ఒకే అక్షరం వరుసగా వచ్చే చోట డి.ఎన్.ఎ. పోగు జారడం వలన ఇటువంటి పొరపాట్లు కలుగుతాయని 1966లో స్ట్రైసింగర్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. చాలా ఏళ్ళ తరువాత, హంటింగ్టన్ వ్యాధిలో మూడక్షరాల మాట పదేపదే పునరావృతమై పెరిగిపోవడాన్ని వివరించడానికి కూడా ఈ జారుడు భావన ఉపయోగపడింది.

జీబ్రా చేప

భారత ఉపఖండపు నీళ్ళలో సహజంగా జీవించే ఈ చారల చేపను 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ మత్స్యాల గ్రంథంలో వర్ణించాడు. గుడ్లు తల్లి శరీరం వెలుపలే ఎదుగుతాయి. పిండం పారదర్శకం కనుక మెదడు, గుండె రూపొందడాన్ని సూక్ష్మదర్శినిలో నేరుగా చూడవచ్చు.

చిక్కు వేరేచోట ఉంది. ఏ రెండు చేపల జన్యువులూ ఒకటి కావు గనుక, కనిపించిన మార్పు దేనివలన వచ్చిందో తేల్చడం కష్టం. స్ట్రైసింగర్ వీర్యకణాలలోని డి.ఎన్.ఎ.ను అతినీలలోహిత కిరణాలతో నిర్వీర్యం చేసి, అండాన్ని మేల్కొల్పడానికి మాత్రమే వాటిని వాడాడు. తరువాత వేడితో గాని, అధిక పీడనంతో గాని అండపు తొలి విభజనను అడ్డుకున్నాడు. ఆ విధంగా తల్లి జన్యువులు మాత్రమే గల చేపలు, వాటి నుండి ఒకదానికొకటి అచ్చుగుద్దినట్లుండే సంతతి లభించాయి. తండ్రి జన్యువులు చేరలేదని నిర్ధారించుకోవడానికి లేత రంగు చారలున్న గోల్డెన్ రకం చేపను గుర్తుగా వాడుకున్నాడు. దాదాపు పదేళ్ళ శ్రమ తరువాత 1981లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వెలువడ్డాయి. పేరున్న వైరసు పరిశోధనను విడిచి, అంతకాలం చెప్పుకోదగ్గ ప్రచురణ లేకుండా చేపల తొట్ల మధ్య గడపడం చిన్న సాహసం కాదు.

సామాజిక కృషి, మరణము

స్ట్రైసింగర్ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించాడు. ఓరెగాన్ అడవులలో కలుపు మందులు చల్లడానికి వ్యతిరేకంగా పోరాడాడు. 1984లో న్యూపోర్ట్ వద్ద స్కూబా డైవింగ్ చేస్తూ 56వ ఏట మరణించాడు.

తదనంతర పరిణామాలు

ఓరెగాన్ సహచరులు ఈ పనిని కొనసాగించారు. 1996లో జర్మనీ, అమెరికా బృందాలు వందలాది ఉత్పరివర్తిత చేపలను ప్రకటించాయి. గోల్డెన్ చేపలో మారిన జన్యువు ఏదో 2005లో తెలిసింది. అదే జన్యువు మానవుల చర్మపు రంగుకూ కారణమని తేలగా, దక్షిణాసియా ప్రజలలో దానిపై హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2013లో వెలువడింది.

మానవ జన్యువులలో సుమారు 70 శాతానికి జీబ్రా చేపలో సాటి జన్యువులున్నాయని 2013లోనే ప్రకటించారు. క్రిస్పర్ పద్ధతితో చేప జన్యువులను కోరిన చోట కత్తిరించడం కూడా ఆ ఏడాదే మొదలైంది. పార్కిన్సన్ వ్యాధితో సంబంధమున్న జిబిఎ1 జన్యువును టాలెన్ అనే మరో సవరణ పద్ధతితో చెరిపిన చేపలలో నాడీకణాల నాశనం కనిపించిందని 2015లో ప్రచురించారు. అయితే ఆ వ్యాధిలో ముఖ్యమైన ఆల్ఫా సైన్యూక్లీన్ జన్యువు ఈ చేపకు లేనే లేదు. పైగా పెద్ద చేపల మెదడు దెబ్బతిన్న నాడీకణాలను తిరిగి పెంచుకోగలదు. అందుచేత చేపలో కనిపించినదంతా మనిషికి వర్తిస్తుందని చెప్పలేము.