మోరిస్ విల్క్స్ నిర్మించిన రైతు వాహనము

యుద్ధము కొఱకు పుట్టిన సాధనము శాంతికాలమున సామాన్యునకు పనికివచ్చుట అరుదు. యుద్ధము ముగియగానే అట్టి సాధనములు త్రుప్పుపట్టి మూలబడుటయే లోకమున తఱచుగా కనబడును. సైనికుల వాహనమును చూచి, దానివలె రాళ్లలోను బురదలోను నడువగల బండిని రైతునకు చౌకగా అందింప వచ్చునని గ్రహించినవాడు ఆంగ్లేయుడగు మోరిస్ విల్క్స్. ఆతడు రూపకల్పన చేసిన ల్యాండ్ రోవర్ వాహనము ప్రపంచమున పెక్కు దేశములందు వ్యాపించినది.

విల్క్స్ 1904వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమునందలి హెయిలింగ్ ద్వీపమున జన్మించెను. మాల్వర్న్ పట్టణమున విద్యాభ్యాసము ముగించి, 1922లో హిల్మన్ మోటారు కంపెనీలో ప్రవేశించెను. 1926లో అమెరికాకు పోయి, జనరల్ మోటార్స్ సంస్థలో రెండేండ్లు పనిచేసి, పెద్ద కర్మాగారములలో కార్లను నిర్మించు విధానమును ప్రత్యక్షముగా తెలిసికొనెను. స్వదేశమునకు మరలి వచ్చిన పిదప 1930లో రోవర్ కంపెనీలో ముఖ్య ఇంజనీరుగా చేరెను. ఆతని అన్న స్పెన్సర్ విల్క్స్ అప్పటికే ఆ కంపెనీ నిర్వహణభారమును వహించియుండెను. ఆ దినములలో రోవర్ కంపెనీ నష్టములలో మునిగియుండెను. అన్న లెక్కలను, వ్యవహారములను చక్కదిద్దుచుండగా తమ్ముడు యంత్రములను మెఱుగుపఱచుచు వచ్చెను. కొలది ఏండ్లలోనే రోవర్ కార్లు నాణ్యమునకు పేరొందినవి.

ఇంతలో 1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. కార్ల తయారీ నిలిచిపోయి, కర్మాగారములన్నియు యుద్ధసామగ్రిని తయారుచేయవలసి వచ్చెను. 1940లో శత్రువిమానములు కోవెంట్రీ నగరముపై బాంబులు కురిపించినప్పుడు అచ్చటి రోవర్ కర్మాగారము మిక్కిలి దెబ్బతినెను. యుద్ధము ముగిసిన వెనుక కంపెనీ తన కార్యస్థానమును బర్మింగ్‌హామ్ నగరమునకు సమీపమున నున్న సోలిహల్‌కు మార్చుకొనెను. యుద్ధకాలమున ప్రభుత్వము విమానముల యంత్రములకై అచ్చట ఒక విశాలమైన కర్మాగారమును నిర్మించియుండెను.

కర్మాగారము పెద్దదియే గాని దానికి చాలిన పని లేదు. యుద్ధమువలన బ్రిటన్ అప్పులపాలయ్యెను. విదేశములకు సరకు అమ్మి ధనమును తెచ్చు సంస్థలకే ప్రభుత్వము ఉక్కును ఎక్కువగా కేటాయించుచుండెను. రోవర్ కార్లను కొనువారు ఎక్కువగా స్వదేశమునందలి సంపన్న గృహస్థులే. ఎగుమతి లేనిదే ఉక్కు లేదు. ఉక్కు లేనిదే కార్లు లేవు. కార్లు లేనిచో కార్మికులకు కూలి లేదు. ఈ చిక్కునుండి బయటపడుటకు విల్క్స్ మొదట అల్యూమినియపు రేకులతో ఒక చిన్నకారును రూపొందించెను. కాని దానిని తయారుచేయుటకు కావలసిన అచ్చులు, పనిముట్లు మిక్కిలి ఖరీదైనవి. విదేశములలో అది అమ్ముడుపోవునన్న నమ్మకమును కలుగలేదు. కావున ఆ ప్రయత్నమును విడిచిపెట్టవలసి వచ్చెను.

దారి దొరకినది కార్యాలయమున గాదు, పొలమున. వేల్స్ తీరమునకు చేరువనున్న ఆంగ్లెసీ ద్వీపమున విల్క్స్‌కు కొంత భూమి కలదు. అచ్చటి ఇసుకనేలలలో మామూలు కార్లు నడువజాలవు. అందుచే ఆతడు సైన్యము అమ్మివేసిన పాత జీపు నొకదానిని కొని వాడుచుండెను. జీపు 1941 నుండి అమెరికా సైన్యము కొఱకు లక్షల సంఖ్యలో తయారైన చిన్న వాహనము. ఇంజను బలము దాని నాలుగు చక్రములకును అందుటచే బురదలోను, ఏటవాలు నేలలపైనను అది ఆగక ముందుకు పోగలదు. అయితే విల్క్స్ జీపు అరిగిపోయి మాటిమాటికి మరమ్మతునకు వచ్చుచుండెను. అది పూర్తిగా పాడైనచో ఏమి చేయుదువని అన్న అడుగగా, మఱియొక జీపును కొనుటకంటె గత్యంతరము లేదని తమ్ముడు బదులు చెప్పెనట. ఆ సమాధానముననే వారికి కర్తవ్యము గోచరించెను. అట్టి బండి తనకు అవసరమైనట్లే వేలకొలది రైతులకును అవసరము. దానిని బ్రిటన్‌లో ఎవ్వరును తయారుచేయుట లేదు. అమెరికానుండి తెప్పించుకొందమన్న డాలర్లు లేవు. ఆంగ్లెసీలోని రెడ్ వార్ఫ్ సముద్రతీరమున విల్క్స్ ఇసుకమీద ఆ వాహనపు రూపమును గీసెనని చెప్పుదురు.

1947లో పని ఆరంభమయ్యెను. మొదటి నమూనాను జీపు చట్రముపైననే నిర్మించి, అందు రోవర్ ఇంజనును అమర్చిరి. కుడివైపున నడుపు దేశములకును, ఎడమవైపున నడుపు దేశములకును ఒక్కటే బండి సరిపోవునని తలచి చోదకుని స్థానమును నట్టనడుమ ఏర్పఱచిరి. అది వాడుకకు అనుకూలముగా లేదని తెలిసినంతనే ఆ పద్ధతిని విడిచిరి. ఉక్కు కొఱతగా నున్నందున పైభాగమును అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. ఖరీదైన అచ్చుల అవసరము లేకుండ రేకులను చదునుగా నుంచి తిన్ననైన మడతలు పెట్టిరి. ఉక్కుపలకలను పెట్టెవలె అతికి చట్రమును కూర్చిరి. విమానములకు వాడగా మిగిలిన ఆకుపచ్చ రంగును బండ్లకు పూసిరి. ఇట్లు లేమియే ఆ వాహనమునకు రూపము నిచ్చెను.

1948వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన హాలండు దేశమందలి ఆంస్టర్‌డామ్ ప్రదర్శనమున ల్యాండ్ రోవర్ లోకమునకు పరిచయమయ్యెను. వెల 450 పౌనులు. ఆ వెలకు లభించినది నిరాడంబరమైన బండి మాత్రమే. తలుపులు, పైకప్పు కావలసినవారు వేఱుగ సొమ్ము చెల్లించి తీసికొనవలెను. కాని రైతునకు ముఖ్యమైన సౌకర్యము లన్నియు దానియందు కలవు. ఇంజను శక్తిని చక్రములకే గాక ఇతర యంత్రములకును అందించు ఏర్పాటుండుటచే, బండిని నిలిపి నూర్పిడి యంత్రమును, ఱంపమును నడుపవచ్చును. ఉదయము పొలమున నాగలిని లాగిన బండియే సాయంకాలము ధాన్యమును అంగడికి చేర్చును.

రెండు మూడేండ్లపాటు కంపెనీని నిలబెట్టినచో చాలునని సోదరులు తలచిరి. లోకము మఱియొక విధముగ తలచెను. కొలదికాలములోనే ల్యాండ్ రోవర్ల అమ్మకము రోవర్ కార్ల అమ్మకమును మించిపోయెను. రహదారులు లేని ఆఫ్రికా, ఆస్ట్రేలియా ప్రాంతములలో రైతులు, వైద్యులు, అటవీ ఉద్యోగులు దానిని కొనిరి. 1949లో బ్రిటిషు సైన్యమే దానిని కొనసాగెను. సైనికుల బండిని చూచి రైతుల కొఱకు చేసిన బండి తిరిగి సైనికుల చెంతకు చేరుట విచిత్రము గదా!

విల్క్స్ అంతటితో తృప్తిచెంది యుండలేదు. యుద్ధకాలమున జెట్ ఇంజను నిర్మాణమున గడించిన అనుభవముతో 1950లో ఆతని బృందము ప్రపంచమున మొట్టమొదటి గ్యాస్ టర్బైన్ కారును నడిపించెను. 1952లో అది గంటకు 150 మైళ్ల వేగమును దాటెను. ఆ అద్భుతయంత్రము లండనులోని విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలకు చేరెను. తలుపులైన లేని రైతు వాహనము మాత్రము ప్రజల నిత్యజీవితమున చోటు సంపాదించుకొనెను.

1962లో విల్క్స్ రోవర్ కంపెనీకి అధ్యక్షుడయ్యెను. 1963వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన, తన 59వ ఏట, ఆంగ్లెసీ ద్వీపముననే కన్నుమూసెను. ఆతని మరణానంతరము 1976లో పదిలక్షలవ ల్యాండ్ రోవర్ తయారయ్యెను. ఆ తొలి వాహనమునుండి వరుసగా వచ్చిన బండ్ల తయారీ సోలిహల్‌లో 2016 జనవరి 29వ తేదీవఱకు సాగెను. తాత్కాలికమని తలపెట్టిన కార్యము 68 ఏండ్లు నిలిచెను.

గొప్ప ఆలోచనలకు గొప్ప సంపదయే ఆధారము కానక్కఱలేదు. తన పొలమున తనకు కలిగిన ఇబ్బంది పరులకును కలదని గుర్తించి, చేతనున్న కొద్దిపాటి వస్తువులతోనే విల్క్స్ దానికి పరిష్కారమును కనుగొనెను. ఆ పరిష్కారము రైతుల శ్రమను తగ్గించి, వేలాది కార్మికులకు జీవనాధారమయ్యెను.