చదువు ఆగినా ఆగని మనిషి – కొడవటిగంటి కుటుంబరావు

ఈ సంచికలో మన డెల్టా గడ్డమీద పుట్టిన ఒక రచయితను పరిచయం చేద్దామనుకున్నాం. ఆయన పేరు మనలో కొందరికి తెలియకపోవచ్చు గానీ, ఆయన దిద్దిన కథలు మన ఇళ్ళలోని పెద్దలు చాలామంది చదివే ఉంటారు. ఆయనే ‘కొకు’గా పేరుపొందిన కొడవటిగంటి కుటుంబరావు గారు.

కొకు 1909 అక్టోబరు 28న కృష్ణా కాలువలు పారే తెనాలిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తెనాలిలో హైస్కూలు, గుంటూరులో ఇంటర్మీడియట్, విజయనగరంలో భౌతికశాస్త్రంతో బి.ఏ. పూర్తిచేసి, 1929లో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదవడానికి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ప్రపంచాన్ని ఆర్థికమాంద్యం చుట్టుముట్టింది. పంటల ధరలు పడిపోయాయి. డబ్బు లేక, ఒక్క ఏడాదితోనే ఆ చదువు ఆగిపోయింది.

ఫీజు కట్టలేక, ఇంటి పరిస్థితి బాగాలేక చదువు మధ్యలో వదిలేసిన స్నేహితులు మనకూ ఉన్నారు. అందుకే కొకు జీవితంలో ఈ ఘట్టం మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన బతుకుతెరువు కోసం సిమ్లా, బొంబాయి వంటి దూరప్రాంతాలలో కూడా ఉద్యోగాలు చేశారు. ఇంకోపక్క కథలు రాస్తూనే ఉన్నారు. ‘చదువు’ అనే నవలలో సుందరం అనే కుర్రవాడి కథ చెప్పారు. చదువు మనిషిని ఎంతవరకు తీసుకువెళుతుంది, ఉద్యోగం దొరకకపోతే ఆ చదువుకు అర్థమేమిటి అనే ప్రశ్నలు ఆ నవల నిండా ఉన్నాయి. అవి మనం ఇప్పటికీ వేసుకుంటున్న ప్రశ్నలే.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ‘చందమామ’ పిల్లల పత్రిక స్థాపించారు. చక్రపాణి గారిదీ తెనాలే. 1952లో కొకు అందులో చేరి, 1980లో కన్నుమూసేవరకు, అంటే సుమారు 28 ఏళ్ళు, దాని సంపాదకత్వం పని చూశారు. విచిత్రమేమంటే సంపాదకుడిగా ఆయన పేరు పత్రికమీద ఉండేది కాదు. వచ్చిన కథలను తిరగరాయడం, రామాయణ భారతాలను, దేశదేశాల కథలను చిన్న చిన్న వాక్యాలలో చెప్పడం ఆయన పని. ఆ తేట తెలుగు చదివి కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవారు లక్షలమంది. పదికి పైగా భాషల్లో వచ్చిన ఆ పత్రిక ఇప్పుడు అచ్చులో లేదు. పాత సంచికలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి.

ఫిజిక్సు చదివిన మనిషి దయ్యాల కథలు ఎందుకు వేశాడని కొందరికి సందేహం రావచ్చు. భేతాళ కథను గమనించండి. కథ చివర భేతాళుడు ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు కారణాలు చూపించి జవాబు చెప్పాలి. మంత్రాలు ఎన్ని ఉన్నా, చివరకు గెలిచేది ఆలోచనే. పాత భేతాళ కథలు ఇరవై అయిదే. అవి అయిపోయాక, పాఠకులు పంపిన కథలకు అలాంటి ప్రశ్న తగిలించి కొత్తవి తయారుచేశారు. పిల్లలు ఊహించడమూ నేర్చుకోవాలి, ఊహను ప్రశ్నించడమూ నేర్చుకోవాలి. సైన్సుకు కావలసినవి కూడా ఈ రెండే.

దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ‘తోకచుక్క’ వంటి సాహస ధారావాహికలు వచ్చిందీ ఆ పత్రికలోనే. ఆయన 2010లో విజయవాడలో కన్నుమూశారు.

పెద్దల కోసం కొకు కథలు, నవలలు, గల్పికలు, సైన్సు వ్యాసాలు వేల పేజీలు రాశారు. మూఢనమ్మకాలను, మధ్యతరగతి వేషాలను ఎత్తిచూపారు. 1970లో ఏర్పడిన విరసంలో చేరారు. ఒక్కమాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన పుట్టింది మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో. ఎక్కువగా రాసిందీ ఆ జీవితం గురించే. మన పేటల బతుకులు, మన హాస్టల్ గదులు అందులో తక్కువ. అది ఆయన తప్పని మేము అనడం లేదు. తనకు తెలిసిన జీవితాన్ని ఆయన నిజాయితీగా రాశారు. మనకు తెలిసినది మనమే రాయాలి. ఈ సంచిక పేజీలు ఉన్నది అందుకే.

కొకు 1980 ఆగస్టు 17న మరణించారు. తర్వాత విశాలాంధ్ర ప్రచురణాలయం కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో ఆయన సాహిత్యాన్ని సంపుటాలుగా వేసింది. విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడు ‘చదువు’ నవల కోసం అడిగి చూడండి. అందరం కలిసి ఒక్క కాపీ కొన్నా, గదికి గది మార్చుకుని చదువుకోవచ్చు.

ఎమ్మెస్సీ డిగ్రీ ఆయన చేతికి రాలేదు. కానీ నేర్చుకోవడం ఏనాడూ మానలేదు, నేర్చుకున్నది అందరికీ అర్థమయ్యేలా చెప్పడమూ మానలేదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పరీక్ష తప్పినా, సీటు రాకపోయినా పుస్తకం మాత్రం మూసేయకండి.