ఫోన్‌లో కనిపించే ‘హెర్ట్జ్’ ఎవరో తెలుసా? రైలు చక్రం అరుగుదల లెక్కకు పునాది వేసిందీ ఆయనే!

2023 అక్టోబర్ 3. సిద్దిపేట జనం దశాబ్దాలుగా ఎదురుచూసిన రోజు. నిజామాబాద్ వేదిక నుంచి ప్రధాని మోదీ పచ్చజెండా ఊపడంతో సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు తొలి రైలు కదిలింది. మనోహరాబాద్ నుంచి గజ్వేల్ మీదుగా సిద్దిపేట దాకా 76 కిలోమీటర్ల కొత్త లైన్ అది. మరి అంత బరువున్న రైలు పట్టా మీద ఎంత చోటులో ఆనుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక్కో చక్రం కింద చిటికెన వేలి గోరంత చోటు. అంతే!

ఆ గోరంత చోటు లెక్క తేల్చిన మనిషి పేరు మీ ఫోన్‌లోనే ఉంది. ప్రాసెసర్ స్పీడ్ గిగాహెర్ట్జ్, 5జీ సిగ్నల్ మెగాహెర్ట్జ్. ఆ హెర్ట్జ్ పూర్తి పేరు హైన్రిచ్ హెర్ట్జ్. బతికింది 36 ఏళ్లే.

లాయర్ కొడుకు.. చేతిలో లేత్ పని

హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టారు. తండ్రి గుస్తావ్ పేరున్న లాయర్. పిల్లాడికి చదువు ఎంత బాగా వచ్చేదో, చేతి పనీ అంతే బాగా వచ్చేది. చిన్నప్పుడే లేత్ మీద చెక్క తిప్పడం నేర్చుకున్నారు. అరబిక్ కూడా నేర్చుకున్నారు. మొదట ఇంజినీర్ కావాలనుకున్నారు. 1876-77లో బెర్లిన్‌లో ఏడాది పాటు సైనిక సేవ చేశారు. అదీ ఎక్కడనుకున్నారు? రైల్వే రెజిమెంట్‌లో!

ఆ తర్వాత మనసు ఫిజిక్స్ వైపు మళ్లింది. బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ అనే మహా శాస్త్రవేత్త దగ్గర చేరి 1880లో డాక్టరేట్ పూర్తి చేశారు. ఆయన దగ్గరే అసిస్టెంట్‌గా ఉండిపోయారు.

క్రిస్మస్ సెలవుల్లో తేలిన లెక్క

అసలు కథ ఇక్కడే మొదలైంది. రెండు గాజు లెన్సులను ఒకదానిపై ఒకటి పెడితే మధ్యలో రంగుల వలయాలు కనిపిస్తాయి. మరి లెన్సులను గట్టిగా నొక్కితే? గాజు కూడా రవ్వంత నొక్కుకుపోతుంది కదా, అప్పుడు ఆ వలయాలు ఏమవుతాయి? ఈ ప్రశ్న హెర్ట్జ్‌ను వదల్లేదు. 1880 క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని లెక్క తేల్చేశారు. అప్పటికి ఆయన వయసు 23.

రబ్బరు బంతిని నేల మీద పెట్టి నొక్కండి. అడుగు భాగం కాస్త చదునవుతుంది, వదిలేస్తే మళ్లీ గుండ్రంగా మారుతుంది. ఉక్కు కూడా అంతే, కాకపోతే కంటికి కనిపించదు. ఎంత బరువు పెడితే ఎంత చదునవుతుంది, ఆ చోట ఒత్తిడి ఎంత అనేది హెర్ట్జ్ సూత్రాలు చెబుతాయి. అందులో ఓ వింత ఉంది. బరువు 8 రెట్లు పెంచితే ఒత్తిడి 8 రెట్లు పెరగదు, రెండు రెట్లే పెరుగుతుంది. ఎందుకంటే ఆనే చోటు కూడా 4 రెట్లు పెద్దదవుతుంది.

1881 జనవరిలో బెర్లిన్ ఫిజికల్ సొసైటీలో ఈ లెక్క వినిపించారు. విన్నవాళ్లకు వెంటనే అర్థమైంది, ఇది గాజు ముక్కలతో ఆగేది కాదని. యంత్రాలకూ పనికొస్తుంది కాబట్టి ఇంజినీర్ల పత్రికలోనూ రాయమని పట్టుబట్టారు. అలా 1882లో రెండో వ్యాసం వచ్చింది. గట్టిదనాన్ని ఎలా కొలవాలన్న విషయాన్ని కూడా హెర్ట్జ్ అందులో చర్చించారు.

పది టన్నులు.. గోరంత చోటు

ఇప్పుడు ఆ లెక్కను రైలుకు పెట్టి చూద్దాం. నిండా బొగ్గుతో వెళ్లే గూడ్స్ వ్యాగన్‌లో ఒక్కో చక్రం మీద పది టన్నులకు పైగా బరువు పడుతుంది. ఆనే చోటేమో దాదాపు ఒక చదరపు సెంటీమీటర్. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు పది వేల రెట్లు! ఆ దెబ్బ పైకి కనిపించే చోట కంటే, కొన్ని మిల్లీమీటర్ల లోతులో ఎక్కువగా తగులుతుంది. అందుకే పైకి నిగనిగలాడే చక్రంలోనూ లోపల పగులు మొదలయ్యే ప్రమాదం ఉంటుంది.

అయితే హెర్ట్జ్ లెక్కలో ఒక షరతు ఉంది. తాకే రెండు వస్తువులూ నున్నగా ఉండాలి, మధ్యలో రాపిడి ఉండకూడదు. రైలు చక్రం మాటేమిటి? ఇంజిన్ లాగినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు చక్రం దొర్లుతూనే కొంచెం జారుతుంది. మలుపుల్లో ఫ్లాంజ్ అనే అంచు పట్టాను రాసుకుంటుంది. చెప్పు మడమ ఒక పక్కే అరిగినట్టు చక్రం కూడా అరుగుతుంది. బ్రేక్ బిగుసుకుని చక్రం తిరగకుండా జారితే ఇంకా ప్రమాదం. ఆ వేడికి ఒకచోట చదునైపోతుంది, ఆపై తిరిగిన ప్రతిసారీ పట్టాను సుత్తిలా కొడుతుంది.

ఆ మిగిలిన పని తర్వాతి తరాలు చేశాయి. 1926లో బ్రిటన్ ఇంజినీర్ కార్టర్ హెర్ట్జ్ లెక్క మీదే ఆధారపడి ఈ జారుడును లెక్కగట్టారు. 1953లో ఆర్చర్డ్ అరుగుదలకు సులువైన సూత్రం ఇచ్చారు. బరువు, జారిన దూరం పెరిగితే అరుగుదల పెరుగుతుంది, లోహం గట్టిదైతే తగ్గుతుంది.

మరి ఉక్కును బాగా గట్టిగా చేసేస్తే సరిపోతుందా? అక్కడే ఉంది చిక్కు. కొంచెం అరిగే ఉక్కులో పైన పుట్టిన సన్న పగుళ్లు అరుగుదలతో పాటే పోతాయి. అసలు అరగని ఉక్కులో అవి నిలిచి, లోతుకు దిగొచ్చు. పట్టాల విషయంలోనూ ఇదే భయం. 2000 అక్టోబర్ 17న ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్ దగ్గర ఇలాంటి పగుళ్లతోనే పట్టా ముక్కలై రైలు పట్టాలు తప్పింది, నలుగురు చనిపోయారు. అందుకే చక్రాలను కొలుస్తారు, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి పగుళ్లు వెతుకుతారు, లేత్ మీద పెట్టి మళ్లీ ఆకారానికి తెస్తారు. హద్దు దాటి అరిగితే పక్కన పెట్టేస్తారు. మన వైజాగ్ స్టీల్ సంస్థ కూడా ఉత్తరప్రదేశ్‌లోని లాల్‌గంజ్‌లో రైలు చక్రాల ప్లాంట్ కట్టింది.

తరంగాల కీర్తి.. తొందరపడిన చావు

ఈ పనిని హెర్ట్జ్ అక్కడే వదిలి ముందుకెళ్లారు. 1885లో కార్ల్స్‌రూహేలో ప్రొఫెసర్ అయ్యారు. మరుసటి ఏడాది ఎలిజబెత్ డోల్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు ఆడపిల్లలు. అక్కడే విద్యుదయస్కాంత తరంగాలు నిజమేనని ప్రయోగాలతో నిరూపించారు. రేడియో, టీవీ, మొబైల్ అన్నీ ఆ దారిలో వచ్చినవే. ప్రపంచం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది దీనికే.

1889లో బాన్ వెళ్లారు. 1892 నుంచి ఆరోగ్యం దెబ్బతింది. విపరీతమైన తలనొప్పులు, ఆపరేషన్లు. 1894 జనవరి 1న కన్నుమూశారు. మెకానిక్స్ మీద రాసిన చివరి పుస్తకం ఆయన పోయాకే అచ్చయింది. 1930లో తరంగాల కొలతకు ఆయన పేరు పెట్టారు.

తరంగాలకు ఆయన పేరు అతుక్కుపోయింది కానీ చక్రానికి కాదు. ఇంజినీర్లు మాత్రం మరిచిపోలేదు. చక్రం పట్టాను తాకే చోట పుట్టే ఒత్తిడిని వాళ్లు ఇప్పటికీ హెర్ట్జ్ ఒత్తిడి అనే పిలుస్తారు. ఈసారి రైలెక్కి ఫోన్ చూస్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చేతిలో సిగ్నల్, కాళ్ల కింద చక్రం.. రెండింటి లెక్కా ఆయనదే.