గూడ్సుబండి వెనుక మనిషిని చూచిన జాక్ డెలానో

మెయిలుబండి వస్తున్నదంటే స్టేషనులోని వారందరూ తలలు త్రిప్పి చూస్తారు. గూడ్సుబండికి ఆ గౌరవం లేదు. గేటు దగ్గర నిలిచిన పిల్లలు పెట్టెలు లెక్కపెడతారు. పెద్దలు ఎప్పుడు పోతుందా అని విసుగుకొంటారు. అందులో ధాన్యమున్నదో, బొగ్గున్నదో, దానిని నడిపేవారెవరో, దాని క్రింద పట్టాలను చక్కదిద్దేవారెవరో ఆలోచించేవారు అరుదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా దేశపు గూడ్సుబండ్ల వెంట కెమెరాతో తిరిగి, ఆ కనిపించని మనుషులను లోకానికి చూపినవాడు జాక్ డెలానో.

ఆయన 1914 ఆగస్టు 1వ తేదీన, ఆనాడు రష్యా సామ్రాజ్యంలో ఉండి నేడు ఉక్రెయిన్‌లో ఉన్న వొరోషిలోవ్కా గ్రామంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జాకబ్ ఒవ్చారోవ్. 1923లో ఆ కుటుంబం అమెరికాకు వలసపోయి ఫిలడెల్ఫియా నగరంలో స్థిరపడింది. అప్పటికి బాలుని వయస్సు దాదాపు తొమ్మిదేండ్లు. కొత్త దేశం, కొత్త భాష. ఆ నగరంలోనే ఆయన వయొలా వాద్యాన్ని, స్వరరచనను అభ్యసించాడు. పెన్సిల్వేనియా లలితకళా అకాడమీలో చిత్రలేఖనం నేర్చాడు. అకాడమీ ఇచ్చిన యాత్రావేతనంతో ఐరోపా వెళ్ళినపుడు ఒక కెమెరా కొన్నాడు. కుంచె పట్టవలసిన చేయి కెమెరా పట్టడానికి అదే నాంది. జాక్ డెలానో అన్నది తరువాత ఆయన స్వయంగా పెట్టుకొన్న పేరు.

తొలి ప్రయత్నంగా ఆయన పెన్సిల్వేనియాలోని స్కూల్‌కిల్ జిల్లా బొగ్గుగనులకు వెళ్ళి, గని కార్మికుల జీవితాన్ని చిత్రించాడు. వ్యవసాయ భద్రతాశాఖలో ఛాయాచిత్ర విభాగాన్ని నడుపుతున్న రాయ్ స్ట్రైకర్ ఆ చిత్రాలను చూచి, 1940లో ఆయనకు ఉద్యోగమిచ్చాడు. జీతం సాలుకు 2,300 డాలర్లు. సొంత కారు ఉండాలి, దానిని నడపడం రావాలి అన్నది షరతు. ఆ సంవత్సరమే ఆయన ఐరీన్ అనే చిత్రకారిణిని వివాహమాడాడు.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలో దిగింది. మరుసటి సంవత్సరం స్ట్రైకర్ విభాగం యుద్ధసమాచార కార్యాలయంలో కలిసిపోయింది. దేశప్రజలకు ధైర్యం కలిగించే చిత్రాలు ప్రభుత్వానికి కావలసివచ్చినవి. పెట్రోలు, టైర్లు రేషనులో పడి లారీల రాకపోకలు తగ్గగా, సరకుల భారమంతా రైళ్ళమీద పడింది. ఆ రైళ్ళను చిత్రించే పని డెలానోకు అప్పగించారు.

1942 చివరి మాసాలలో ఆయన షికాగో చేరాడు. నలుమూలల నుంచి రైలుమార్గాలు వచ్చి కలిసే నగరమది. షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీవారి ప్రొవైజో యార్డులో గూడ్సుపెట్టెలను ఒక మిట్టమీదికి త్రోసి, ఒక్కొక్కదానినే విడిచేవారు. పల్లానికి తమంతట తామే దొర్లివచ్చిన పెట్టెలు వేరువేరు పట్టాలమీదికి చేరేవి. వాటి వేగాన్ని అదుపుచేసే యంత్రాన్ని ఒక గోపురంలో కూర్చున్న మనిషి నడిపేవాడు. అతడు ఏమరితే పెట్టెకు పెట్టె ఢీకొంటుంది. మంచుపొగలో మునిగిన ఆ యార్డును డెలానో పగలు తీశాడు, రాత్రి తీశాడు. కెమెరా కన్ను చాలసేపు తెరచి ఉంచి తీసిన రాత్రి చిత్రాలలో కదిలే దీపాలు వెలుగుగీతలై నిలిచినవి.

యంత్రాల వైభవంతోనే ఆయన తృప్తిపడలేదు. ఇంజన్ షెడ్లలోను, మరమ్మతు కర్మాగారాలలోను తిరిగాడు. విప్పిపోసిన ఇంజన్ల నడుమ పనిచేసేవారిని, పాడైన పెట్టెలను అతికే వెల్డరును, పట్టాలమీద చెమటోడ్చే గ్యాంగు కూలీలను నిలువెత్తుగా చిత్రించాడు. ఆ కూలీలలో మెక్సికో నుంచి వలస వచ్చినవారు ఉన్నారు. తానూ వలసవచ్చినవాడే కనుక, పరాయిగడ్డమీద కష్టించి బ్రతికేవారి ముఖాలు ఆయనకు కొత్తగా తోచి ఉండవు. 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రంలోని క్లింటన్ పట్టణానికి వెళ్ళగా, అక్కడి షెడ్డులో ఇంజన్లను తుడిచి కడిగేవారు స్త్రీలు. మగవారు సైన్యానికి పోగా ఆ పనులు వారి చేతికి వచ్చినవి. తలగుడ్డలు చుట్టుకొని, మసిబారిన దుస్తులతో భోజనానికి కూర్చున్న ఆ స్త్రీల రంగుల చిత్రం ఈనాడు లోకప్రసిద్ధం. ఆ కాలపు రంగుల ఫిల్ముకు వెలుతురు చాలా కావాలి. చీకటి షెడ్డులో అటువంటి చిత్రం తీయాలంటే ఛాయాగ్రాహకునికి ఓర్పు, ఎదుటివారికి అతనిమీద నమ్మకం, రెండూ ఉండవలసిందే.

అంతకు ముందు మార్చి నెలలో ఆయన శాంటా ఫే కంపెనీ గూడ్సుబండ్లలో షికాగో నుంచి కాలిఫోర్నియా వరకు ప్రయాణం చేశాడు. మిస్సోరీ, కాన్సాస్, టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా రాష్ట్రాల మీదుగా సాగిన దారి అది. బండి చివర ఉండే గార్డుపెట్టెలో సిబ్బందితో కలిసి కూర్చొని, గార్డు కాగితాలు వ్రాసికొనడం, బ్రేకుమన్ వెనుకకు చూస్తూ కావలికాయడం, దారిపొడుగునా స్టేషన్లు, యార్డులు చిత్రించాడు.

ఈ చిత్రాలు ప్రభుత్వ ప్రచారానికి ఉద్దేశింపబడినవన్న మాట వాస్తవం. ప్రచారానికి ఒక కార్మికుని బొమ్మ ఉంటే చాలు, అతని పేరుతో పని లేదు. డెలానో మాత్రం ఎందరో కార్మికుల పేర్లు అడిగి, చిత్రం క్రింద వ్రాసిపెట్టాడు. ఎవరు వెల్డరో, ఎవరు బ్రేకుమనో, ఎవరే ఊరిలో పనిచేస్తున్నారో తెలిపే ఆ చిన్న వ్రాతలు బొమ్మను మనిషిగా మార్చినవి.

1943లో ఆయనా సైన్యంలో చేరవలసివచ్చింది. యుద్ధానంతరం, 1946లో, భార్యతో కలిసి పోర్టోరికో దీవికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. గ్రామీణులకు విద్యనందించే చలనచిత్రాలు తీశాడు, లోస్ పెలోతెరోస్ అనే చిత్రానికి దర్శకత్వం వహించాడు, ఆ దీవి ప్రభుత్వ టెలివిజన్‌లో పనిచేశాడు, స్వరకర్తగా పేరుపొందాడు. 1997 ఆగస్టులో, ఎనభైమూడేండ్ల వయస్సులో, అక్కడే కన్నుమూశాడు.

ఆయన తీసిన రైల్వే చిత్రాలు నేడు వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నవి. 2014లో షికాగో చరిత్ర మ్యూజియంలో వానిని ప్రదర్శనకు పెట్టారు. ఆ ప్రయత్నంలో భాగంగా చిత్రాలలోని కార్మికుల సంతతివారిని వెదకి, వారి కుటుంబ కథలను సేకరించారు. డెబ్బది సంవత్సరాల తరువాత ఆ మనుమలను, మునిమనుమలను గుర్తించగలగడానికి ఆధారం డెలానో ఆనాడు వ్రాసిపెట్టిన పేర్లే. ఆ ఆవిరి యంత్రాలు ఏనాడో పాత ఇనుములో కలిసిపోయినవి. వానిని తుడిచిన చేతుల యజమానులెవరో మాత్రం ఇంకా తెలుస్తూనే ఉన్నది.