ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు – రామనగరము

ఇల్లు లేనివాని దుఃఖము ఇల్లున్నవారికి సులభముగా బోధపడదు. పాడిపంటలకు పేరుపడిన తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలందును రైలుస్టేషనులలో, దేవాలయముల అరుగులపై రాత్రులు గడపువారు కలరు. వారిని చూచినపుడెల్ల దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితము మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒక పట్టణమంతయు ఇండ్లు విడిచి పాకలలో కాపురముండిన దినములలో ఆ భారమును తలకెత్తుకొనిన మహనీయుడాయన.

ఆయన 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించెను. మూడవ దినముననే తల్లి గతించెను. మూడవయేట తండ్రియు మరణించెను. రేపల్లె తాలూకా కూచినపూడిలో పినతండ్రియు, నాయనమ్మయు ఆ పసివానిని చేరదీసి పెంచిరి. పరుల గడపయే తన గడపయైన బాలుడు గనుక ఆశ్రయమనగా ఏమో ఆయన శైశవముననే ఎరిగెను. పెరిగి బాపట్ల తాలూకా కచేరీలో చిన్న ఉద్యోగము చేసెను. పిదప ఎడింబరోకు పోయి ఎం. ఏ. పట్టము పొందెను. తిరిగివచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయుడై, ఆ కొలువులను వదలి చీరాల చేరెను. అచ్చట రామదండు అను స్వచ్ఛందసేవకుల దళమును తీర్చిదిద్దెను. 1921 బెజవాడ కాంగ్రెసు సభలలో సుమారు వేయిమంది రామదండువారు సేవచేసిరి.

చీరాల, పేరాల అప్పటికి బాపట్ల తాలూకాలోని నేతగాండ్ర ఊళ్లు. 1920 ప్రాంతమున ప్రభుత్వము వానిని కలిపి మునిసిపాలిటీ చేయగా, సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్నులు 30,000 దాటినవి. పన్ను కట్టనివారు కొందరు చెరసాలకు పోయిరి. అందొక స్త్రీయు కలదు. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్నుల నిరాకరణమో, ఊరు విడుచుటయో రెండు మార్గములు చూపి, స్వశక్తినే నమ్ముకొనవలెనని హెచ్చరించెను. జనులు రెండవదానిని వరించిరి. 15,000 జనాభాలో సుమారు 13,000 మంది పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొనిరి.

వేసవి యెండలు, ఆపైన వానలు, బాలింతలు, వృద్ధులు, పనిసాగని మగ్గములు. ఇన్నింటి నడుమ దాదాపు పదునొకండు మాసములు వారు నిలిచిరి. ధైర్యమునకు కొరతలేదు, కొరతయైనది ధనము. దానిని కూర్చుటకై బరంపురము పోయిన గోపాలకృష్ణయ్యగారు ఉపన్యాసనిషేధమును ధిక్కరించినందున ఏడాది శిక్షపొంది తిరుచిరాపల్లి చెరసాలకు పంపబడెను. నాయకుడు దూరమయ్యెను, నిధి అడుగంటెను. 1922లో జనులు పాత యిండ్లకు మరలిరి.

చెరవీడిన పిదప ఆయనకు కలిమి దక్కలేదు, ఆరోగ్యమును దక్కలేదు. క్షయవ్యాధి పీడితుడై 1928 జూన్ 10వ తేదీన ముప్పదితొమ్మిదవయేట కన్నుమూసెను. విదేశవిద్యచే ధనవంతుడు కాదగినవాడు పేదరికముననే తనువు చాలించుట మన జాతికి గౌరవమో, అపకీర్తియో పాఠకులే తేల్చుకొందురుగాక.

రామనగరము వీగిపోయినది పిరికితనముచే గాదని మా నిశ్చితాభిప్రాయము. ఒక్క మనుష్యుని భుజములపై అంతటి భారము మోపి, అతడు లేనినాడు దానిని మోయు ఏర్పాటు చేయకుండుటయే దాని దౌర్బల్యము. నేటి దానధర్మములకును ఇదియే జబ్బు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచి, ఈ తీరమును వణకించినపుడు దేశమంతయు చేయూతనిచ్చెను. కాని ఉప్పెన లేనినాడు అరుగుపై పండుకొనువానికి ఎవరు దిక్కు? పండుగనాటి అన్నదానము మరునాటి ఆకలి తీర్చదు. నగరములలో లక్షమందికొక ఆశ్రయగృహము చొప్పున ఉండవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2010లో ఆదేశించెను. కాని గోడలు లేచినంతనే ఆశ్రయము కానేరదు. దానిని నడుపు నిధియు, కనిపెట్టి చూచు పెద్దలును కావలెను.

భూస్వాములు పంట ఇంటికి వచ్చినపుడును, వర్తకులు సాలు లెక్కలు ముగించినపుడును కొంత భాగము వేరుచేసి, ఏటేట లెక్కచూపు స్థిరనిధిని ఊరూర నెలకొల్పిన చాలును. కూచినపూడిలో ఒక గడప ఒక అనాథబాలుని చేరదీసినందుననే ఆంధ్రమునకు ఆంధ్రరత్నము లభించెను. మన అరుగులపై నిద్రించువారిలో ఎవరున్నారో ఎవరెరుగుదురు?